మిట్టమధ్యాహ్నపు పాట

ఈ వారం రాజకీయాలకు సెలవు, పాఠకులు మన్నించాలి. మొన్న సాయంత్రం రైసీనా రోడ్డున నడుస్తుండగా, పక్కనున్న వృద్ధ పాత్రికేయ మిత్రుడు ఏదో కూనిరాగం తీశారు. నాకు తెలియకుండానే నేనూ గొంతు కలిపాను. అది ‘హై నూన్’ చిత్రంలోని పాట. చిత్రం వచ్చింది 1952లో. అప్పటికి నేను పుట్టనే లేదు. ఎనభయ్యవ దశకంలో, ఇంగ్లీషు సాహిత్యం చదువుకునే రోజుల్లో, గోడకు కట్టిన తెల్లగుడ్డ మీద చూశాను. కథ కొంత మసకబారినా పాట మాత్రం నన్ను వదలలేదు.

కౌబాయ్ పాటలంటే గుర్రపు డెక్కల చప్పుడు, వీరుడి ప్రగల్భాలు అనుకోవడం పరిపాటి. ఇది అటువంటిది కాదు. పగబట్టిన హంతకుడు మధ్యాహ్నం రైలుకు దిగబోతున్నాడు. ఆ ఉదయమే పెళ్లాడిన మార్షల్ ఊరంతా తిరిగి సహాయం అర్థిస్తాడు, నిలబడేవారు లేరు. హింస పాపమని నమ్మిన క్వేకరు భార్య వెళ్లిపోతానంటుంది. గ్యారీ కూపర్ మొహంలో కనిపించే వేదనకు పాట రూపమిచ్చింది. అతని బెంగ తుపాకీ గురించి కాదు, ఒంటరిగా మిగిలిపోవడం గురించి. వీరుడి నోట ప్రాధేయపాటు వినిపించడమే, నా మటుకు, దాని చిరాయువుకు కారణం.

ఆ అమెరికన్ మైదానాల స్వరాన్ని కట్టిన దిమిత్రి త్యోమ్‌కిన్ ఉక్రెయిన్‌లో పుట్టి, సెంట్ పీటర్స్‌బర్గ్‌లో సంగీతం నేర్చినవాడు! మాటలు నెడ్ వాషింగ్టన్‌వి. టెక్స్ రిట్టర్ గొంతు, కొద్దిపాటి వాద్యాలు, గుండె దడ వంటి డ్రమ్ము, అంతే. చిత్రమంతా ఆ పాటే తునకలు తునకలుగా తిరిగి వస్తుంది. 1953లో ఆస్కార్ కూడా వచ్చింది.

శాసనసభల వ్యవహారాలు రాసేవాణ్ణి కనుక మరొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ చిత్ర రచయిత కార్ల్ ఫోర్‌మన్‌ను 1951లో అమెరికా ప్రతినిధుల సభా సంఘం ఒకటి విచారణకు పిలిచింది. కమ్యూనిస్టు పార్టీలోని పూర్వ సహచరుల పేర్లు చెప్పడానికి ఆయన నిరాకరించారు. తెలిసినవారు మొహం చాటేశారు. ఆ అనుభవమే స్క్రిప్టులోకి వచ్చిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. చివరికి ఇంగ్లండుకు వలసపోవలసి వచ్చింది. విచిత్రమేమంటే, 1989 జూన్ 4 ఎన్నికలకు పోలండులో సాలిడారిటీ పక్షం గోడపత్రిక మీద అదే కూపర్ నిలబడ్డాడు, చేతిలో తుపాకీకి బదులు ఓటు కాగితంతో.

1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో విశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో, 269–270తో, వీగిపోయిన రోజు నేను పత్రికల గ్యాలరీలో ఉన్నాను. అంతకు ముందు లాబీల్లో ఎవరు వస్తారో, ఎవరు రారో లెక్కలు వేసుకుంటున్న మొహాలు చూస్తుంటే ఈ రాగమే చెవిలో మోగింది.

మిత్రునికి ఆ పాట చివరి భాగం గుర్తు రాలేదు. నాకూ రాలేదు. ఆటో దొరికేదాకా మొదటి భాగాన్నే తిప్పి తిప్పి పాడుకున్నాం.