పారసీకపు తేయాకు

హైదరాబాదు నగరమున “ఇరానీ చాయ్” అను పేరు విననివారు లేరు. చిక్కగా మరిగిన పాలు, చిరకాలము కాగిన డికాక్షను, ప్రక్కన నొక ఉస్మానియా బిస్కత్తు — ఇదియే పారసీకుల పానీయమని మనలో పెక్కుమంది తలంపు. అట్టి హోటళ్లను మొదట నెలకొల్పినవారు ఇరాను దేశమునుండి వలస వచ్చినవా రగుట నిజమే. కాని వారి స్వదేశమున తేనీటిలో పాలు పోయు వాడుక లేదు. మన హోటళ్లలో కాగెడి పొడియు ఆ దేశపు టాకు గాదు. అసలు పారసీకపు తేయాకు వేఱొకటి గలదు. మన అంగళ్లలో అది దొరకుట మిక్కిలి యరుదు. దాని పుట్టుపూర్వోత్తరములను, దానిని రుచిచూచు విధమును, నేడు దానికి గలిగిన యిక్కట్టును ఇచ్చట వివరింపదలచితిమి.

పారసీకులు పూర్వము కాఫీ త్రాగెడివారు. నేటికిని వారి తేనీటి దుకాణమునకు “కహ్వేఖానా”, అనగా కాఫీయిల్లు, అనియే పేరు. పందొమ్మిదవ శతాబ్దమున రుష్యా దేశమునుండి సమోవారు అను నీరుగాచు పాత్రము వచ్చి, తేనీరు ఇంటింట వ్యాపించెను. కాని ఆకును పరదేశములనుండి కొనవలసి యుండెను. ఈ కొఱతను దీర్ప బూనినవాడు కాషెఫ్-అల్-సల్తనే యను బిరుదముగల మొహమ్మద్ మీర్జా. ఆయన మన దేశమున పారసీక ప్రభుత్వపు కాన్సలుగా నుండి, హిమాలయముల పాదముననున్న కాంగ్డా ప్రాంతపు తేయాకు సేద్యమును గుర్తెఱిగి, 1900 ప్రాంతమున మొక్కలను గొనిపోయి లాహిజాన్ పట్టణపు చుట్టుప్రక్కల నాటించెను. కొలది యేండ్లకే, 1905లో, ఘోరమైన భూకంపము వచ్చి కాంగ్డా తోటలు మిక్కిలి చెడిపోయెను. వాని సంతతి మాత్రము పరదేశమున వేరూని వర్ధిల్లెను. ఆయన 1929లో మృతినొందెను. లాహిజానులో ఆయన సమాధి గల కట్టడమే నేడు తేయాకు ప్రదర్శనశాలయై యున్నది.

ఇరాను దేశములో నెక్కువ భాగము ఎండిన పీఠభూమి. అట్టిచోట తేయాకు ఎట్లు పెరుగునని చదువరులు సందేహింపవచ్చును. ఉత్తరమున కాస్పియన్ సముద్రమును, దానికి దక్షిణముగా అల్‌బుర్జ్ పర్వతపంక్తియు గలవు. సముద్రముపైనుండి వచ్చు తేమగాలులను ఆ కొండలు అడ్డగించి వాన గురిపించును. కావుననే గీలాన్, మాజందరాన్ మండలములలో వరియు తేయాకును పండును. శీతకాలమున అచ్చట మంచు గురియును. అప్పుడు మొక్క చిగురింపక నిద్రించును. చలికి పురుగులును చాలవఱకు నశించును. అందుచేత చీడమందులు చల్లవలసిన యవసరము అచ్చటి రైతులకు అంతగా లేదు. కోత వసంతమున మొదలై శరత్తుతో ముగియును. వసంతపు తొలికోత మేలైనదని యెన్నుదురు.

కోసిన ఆకును మొదట వాడనిచ్చి, పిదప నలిపి, గాలి సోకునట్లు పఱచి, తుదకు వేడిచే నార్చుదురు. తరిగిన వంకాయముక్క గాలి తగిలి నల్లబడుట మన మెఱిగినదే. నలిగిన తేయాకును అట్లే ప్రాణవాయువుతో గూడి ఎఱ్ఱబాఱును. రంగు, రుచి, వాసన అప్పుడే యేర్పడును. పొడిచేసిన తేయాకు క్షణములో తన సారమునంతయు నీటికి విడుచును. లాహిజాన్ ఆకు పురిపెట్టిన సన్నని పుల్లవలె నుండును గనుక మెల్లమెల్లగా విడుచును. ఈ భేదమును గుర్తింపనివారికి ఆ యాకు రుచి పట్టువడదు.

మేము పరీక్షించి చూచిన విధ మిది. పింగాణి పాత్రమును ముందుగా వేడినీటితో గడిగి, గ్లాసునకొక చిన్నచెంచా చొప్పున ఆకువేసి, అప్పుడే తెర్లిన నీటిని బోసి మూతపెట్టవలయును. దానిని మంటపై మరిగింపరాదు. సమోవారుపై నుంచినట్లే, ఆవిరి వచ్చుచున్న కెటిలుపై పది పదునైదు నిమిషము లుంచిన చాలును. పిదప గాజుగ్లాసులో కొంచెము పోసి, కావలసినంత వేడినీరు కలుపుకొనవలయును. గాజుగ్లాసే యేల యనగా, రంగును జూచుటయు నీ యానందములో నొక పాలు. వెలుతురున కెత్తిపట్టిన నది దానిమ్మగింజల రసమువలె మెఱయును.

మొదటి గ్రుక్కను చక్కెర లేకయే పుచ్చుకొని, నాలుకపై నిలిపి, మ్రింగిన వెంటనే ముక్కుతో ఊపిరి విడువవలయును. మనము రుచి యనుకొనుదానిలో నధికభాగము వాసనయే. అది నోటి వెనుకనుండి ముక్కునకు జేరును. అప్పుడు వగరు స్వల్పముగను, వెనుక నొక మెత్తని తీపి జాడయు దోచును. పాలు పోసినచో ఈ సూక్ష్మమంతయు మఱుగుపడును. పాలలోని మాంసకృత్తులు తేనీటి వగరును పట్టివేయును గనుక, పాలతేనీటికి ఘాటైన పొడియే తగును. హైదరాబాదు చాయ్ తన చోట తాను మంచిదే. రెంటి నడిగి పుచ్చుకొను విధము మాత్రము వేఱు.

తీపి వలయునన్న పారసీకులు చక్కెర గడ్డను పంటిక్రింద నుంచుకొని దానిమీదుగా తేనీరు త్రాగుదురు. ఆ గడ్డకు “కంద్” అని పేరు. ఇది మన సంస్కృతపు “ఖండ” శబ్దమే; మన కలకండలోను దాని జాడ గలదు. మాట మననుండి పోయెను, మొక్కయు మననుండియే పోయెను.

ఇంతటి ఆకునకు స్వదేశముననే చిక్కు వచ్చినది. అచ్చట పండునది దేశపు వాడుకలో కొంతభాగమే. తక్కినది భారతము, సింహళము మొదలగు దేశములనుండి వచ్చును. త్వరగా రంగు దిగు ఆకునకును, పైనుండి వాసన చేర్చిన ఆకునకును అలవాటుపడిన నాలుకకు స్వదేశపు టాకు చప్పగా దోచును. కొనువారు తగ్గినకొలది కోతకూలి గిట్టక కొందఱు రైతులు తోటలను బీడుపెట్టిరి. మఱికొన్ని తోటలున్న నేలలో ఇండ్లు లేచినవి. తేయాకు పొద నాటిన కొన్నియేండ్లకుగాని చక్కగా కోతకు రాదు. దానిని పెఱికివేయుటకు ఒక్క పూట చాలును.

దీనినిబట్టి చూడగా, చప్పదనము ఆకులోనిది గాదు, మన తొందరలోనిది. పది నిమిషములు ఓర్చి త్రాగువా రున్నంతకాలము ఆ కొండవాలున కోతగంపలు నిండుచుండును. చదువరులలో నెవ్వరికైన ఆ యాకు పిడికెడు చేజిక్కినచో, పాలకుండను కొంతసేపు దూరముగ నుంచి, ముందుగా దానిని దాని రుచితోనే చూతురుగాక.