త్యాగయ్యను మోసుకొచ్చినవాళ్లు

తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి ఆలనాపాలనా లేక పాడుబడిపోతోందని 1921లో మద్రాసులో ఉన్న ఒక గాయనికి కబురందింది. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. కచేరీలతో పేరొచ్చింది. నగలున్నాయి, ఇల్లుంది. నంజనగూడులో దేవదాసి ఇంట పుట్టి, త్యాగయ్య శిష్యపరంపరకు చెందిన మునుస్వామప్ప దగ్గర పాట నేర్చుకున్న మనిషి ఆమె. ఆ కబురు విన్నాక బెంగళూరు నాగరత్నమ్మకు మద్రాసులో మనసు నిలవలేదు. తిరువయ్యారు వెళ్లారు, స్థలం సంపాదించారు, ఆ ఏడాదే శంకుస్థాపన చేయించారు. ఇల్లూ నగలూ అమ్మిన డబ్బుతో సమాధి మీద గుడి లేచింది.

త్యాగయ్యను ఆమె చూడలేదు. చూసే వీలే లేదు. 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు ఆయన కన్నుమూశాడు. ఆమె పుట్టింది 1878లో. ఆమెకు తెలిసిందల్లా పాట. ఒక మనిషిని ఎన్నడూ చూడకుండా, కేవలం అతని పాట విని, ఉన్న ఆస్తంతా తెచ్చి అతని పాదాల దగ్గర పెట్టడం మన సంగీత చరిత్రలో మళ్లీ ఎక్కడ జరిగిందో నాకు తోచదు.

అంతా చేశాక ఆమెను అక్కడ పాడనిచ్చారా? లేదు. సమాధిని 1903లో ఉమయాళ్పురం కృష్ణ భాగవతర్, సుందర భాగవతర్ ఒకసారి బాగుచేయించారు. తర్వాత ఏటా ఆరాధన మొదలైంది. కొన్నాళ్లకే విద్వాంసులు పెద్ద కక్షి, చిన్న కక్షి అని రెండు వర్గాలుగా చీలిపోయారు. ఎన్నింటిలో తగాదా పడ్డా ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: ఆడవాళ్లు అక్కడ పాడకూడదు. గుడి కట్టించిన మనిషికీ అదే కట్టుబాటు. నాగరత్నమ్మ అలిగి మద్రాసు వెళ్లిపోలేదు. 1927లో ఆడవాళ్లనే కూడగట్టి, గుడి వెనకవైపు వేరే ఆరాధన మొదలుపెట్టారు. దాన్ని జనం ఆడవాళ్ల కక్షి అన్నారు. 1940ల మొదట్లో మూడు వర్గాలూ కలిసేదాకా ఆమె ఆ పట్టు వదల్లేదు. ఇవాళ పంచమినాడు పంచరత్న గోష్ఠిలో వందలమంది ఆడా మగా పక్కపక్కన కూర్చుని పాడుతుంటే అది అనాదిగా ఉన్న ఆచారంలా కనిపిస్తుంది. దాని వయసు ఎనభై ఏళ్లకు కాస్త ఎక్కువ, అంతే.

ఈ నాగరత్నమ్మే 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని పరిష్కరించి వావిళ్లవారి చేత అచ్చువేయించారు. శృంగారం మితిమీరిందని దొరల ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారి హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. ముద్దుపళని కూడా తంజావూరు ఆస్థానపు కళాకారిణే, దేవదాసే. ఎవరి మాటను లోకం పక్కకు నెడుతోందో వాళ్ల వైపు నిలబడటం ఆమెకు మొదటినుంచీ ఉన్న గుణం. చివరికి మిగిలిన ఆస్తిని కూడా త్యాగయ్య సేవకే రాసిచ్చి, అక్కడ ఆడవాళ్లకు, దేవదాసీలతో సహా, పూజ చేసుకునే హక్కు, పాడుకునే హక్కు ఉండాలని షరతు పెట్టారు. 1952లో పోయారు. ఆమె సమాధి త్యాగయ్య సమాధికి దగ్గర్లోనే ఉంది.

ఇక వెనక్కి వెళ్దాం. నాగరత్నమ్మ దాకా ఆ పాటలు ఎలా వచ్చాయో చూడాలి.

కాకర్లవారిది తెలుగునేల నుంచి తంజావూరు సీమకు వెళ్లిన కుటుంబం. రామబ్రహ్మం, సీతమ్మల కొడుకుగా త్యాగయ్య 1767లో తిరువారూరులో పుట్టాడు. పెరిగింది, పాడింది, పోయింది తిరువయ్యారులో. శొంఠి వెంకటరమణయ్య దగ్గర సంగీతం నేర్చాడు. తంజావూరు కోట పిలిస్తే పోలేదని శిష్యుల పరంపర చెబుతుంది. ఉంఛవృత్తి చేసుకుంటూ వీధుల్లో పాడాడు, ఇంట్లో రాముడి ముందు పాడాడు. ఆస్థానంలో ఉంటే లేఖకుడు ఉంటాడు, భాండాగారం ఉంటుంది, రాసినవి భద్రంగా తాళపత్రాల్లోకి వెళ్తాయి. ఆయనకు అదేదీ లేదు. పాట పుట్టేది, గాలిలో కలిసేది. దాన్ని పట్టుకున్నది పక్కన కూర్చుని విన్నవాళ్లే.

వాళ్లలో మొదట చెప్పుకోవలసింది వాలాజాపేట వెంకటరమణ భాగవతర్‌ని. సౌరాష్ట్రుల నేతగాళ్ల కుటుంబం, ఇంట్లో మాట్లాడేది సౌరాష్ట్రం. అయ్యంపేట నుంచి తిరువయ్యారుకు నడిచివచ్చి, గురువుగారి పూజకు దారిలో తులసి కోసుకొచ్చేవారని చెబుతారు. పాఠం ముందు వరసలోవాళ్లకు జరుగుతుంటే వెనక కూర్చుని వినేవారట. ఏళ్ల తరబడి గురువు దగ్గరే ఉండి, కీర్తనలను రాసిపెట్టారు. ఆయనా, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతరూ రాసినవే త్యాగయ్య జీవితం గురించి మనకు దొరికే తొలి ఆధారాలు. ఆ రాతప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. ఇవాళ మనం ఏ కీర్తన పాఠం సరైనదని వాదించుకున్నా, ఆ వాదన ఎక్కడో ఒకచోట ఆ కాగితాల దగ్గరకు వెళ్లి ఆగుతుంది.

మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో వీణ కుప్పయ్యర్ అనే మరో శిష్యుడు ఉండేవారు. గురువును ఇంటికి పిలిపించుకున్నారు, ఆ ఊరి దేవత మీద గురువు పాడిన కీర్తనలే తిరువొత్తియూరు పంచరత్నాలయ్యాయి. కొడుక్కి గురువు పేరే పెట్టుకున్నారు. ఆ తిరువొత్తియూరు త్యాగయ్యరూ వాగ్గేయకారుడై, తెలుగులోనే వర్ణాలు కట్టారు. ఇల్లంతా తమిళం. పాట మాత్రం తెలుగు.

ఇంకొకరున్నారు, ఆయన గురించి తలుచుకున్నప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్. క్యాథలిక్ క్రైస్తవుడు, మద్రాసు సచివాలయంలో ఉద్యోగి. మన కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కిస్తే లోకమంతా చదువుకోగలదని నమ్మారు. వాలాజాపేట కృష్ణస్వామి భాగవతర్ లాంటివాళ్ల చేత పాడించుకుని, సంగతి సంగతీ స్వరపరిచి, 1890లలో సొంత ఖర్చుతో అచ్చువేశారు. ఆ పనిలో డబ్బు కరిగిపోయింది, కంటిచూపు పోయింది. రామభక్తుడి పాట కోసం ఒక క్రైస్తవుడు కళ్లు పోగొట్టుకున్నాడు. త్యాగయ్య శ్రోతల జాబితాలో కులమూ మతమూ వెతకబోయినవాళ్లకు ఈ ఒక్క పేరు చాలు.

మరి తెలుగువాళ్లో?

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆయన మన భాషలో పాడాడు. ఆ పాటను నూరేళ్లకు పైగా ఎక్కువగా మోసింది తమిళ గొంతులు, తమిళ చెవులు. మాట సగం అర్థమై సగం అర్థంకాకపోయినా వాళ్లు వదల్లేదు. 1940లలో తమిళ ఇసై ఉద్యమం వచ్చి, కచేరీల్లో తమిళం పాడాలని గట్టిగా అడిగింది. ఆ అడగడంలో న్యాయం ఉంది. అయినా త్యాగయ్య కచేరీ నుంచి కదల్లేదు, ఎందుకంటే శ్రోతలు కదలనివ్వలేదు.

మన వైపు దారి కృష్ణాతీరంలో తెరుచుకుంది. త్యాగయ్యకు బంధువూ శిష్యుడూ అయిన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య పరంపరలో నేర్చుకుని, ఆ బాణీని తెలుగునేలకు తెచ్చినవారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లి ఆయన ఊరు. ('నర్తనశాల' సినిమాకు సంగీతం కట్టిన సుసర్ల దక్షిణామూర్తి ఆయన మనవడే.) శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. కరణీకం చేసుకుంటూనే సంగీతాన్ని పట్టుకున్నారు. విజయవాడలో శిష్యులకు ఇంట్లో అన్నం పెట్టి పాఠం చెప్పారు, ఏటా సద్గురు ఆరాధన జరిపించారు. అలాంటి ఒక ఆరాధనలో, విజయవాడలో, ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు కచేరీ చేశాడు. శంకరగుప్తంలో 1930లో పుట్టి, పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న మంగళంపల్లి బాలమురళీకృష్ణ. పంతులుగారి ఇంటి నుంచి బయల్దేరిన ఆ గొంతు, మద్రాసు సభల్లో నిలబడి, త్యాగయ్య తెలుగును తెలుగులా పలికి వినిపించింది. 2016లో బాలమురళి పోయినప్పుడు మా తరంవాళ్లకు కలిగిన దుఃఖంలో అదొక పాలు: మాట విరగకుండా కీర్తన వినే భాగ్యం పోయిందని.

ఎందుకింత ప్రేమ? రాగాల సంగతి సంగీతజ్ఞులు చెబుతారు. ఖరహరప్రియ లాంటి రాగానికి నిండు ఆకారం ఇచ్చింది ఆయనేనని, సంగతుల మీద సంగతులు పేర్చి కీర్తనను పెంచే పద్ధతి ఆయన చేతిలోనే పండిందని. అది నిజమే. నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన మాట తీరు. రాముడితో ఆయన ఒకే ఇంట్లో ఉన్నవాడిలా మాట్లాడతాడు. పిలిస్తే రాలేదేమని నిలదీస్తాడు. గరుత్మంతుడు మాట వినలేదా, లేక భూమి చాలా దూరమని సాకు చెప్పాడా అని ఆరా తీస్తాడు. ఆరభి పంచరత్నంలో కృష్ణుడు వేళకు తగ్గట్టు మాట మార్చేవాడని దెప్పుతాడు. గౌళలో తన తప్పులన్నీ తనే వరసగా చెప్పుకుని, ఇలాంటి నన్ను ఏ దొర కొడుకు కాపాడతాడని అడుగుతాడు. అలక, ఎత్తిపొడుపు, బతిమాలటం, నలుగురూ ఏమనుకుంటున్నారోనన్న బాధ, ఏం అనుకుంటే ఏమన్న తెగింపు. ఇది గ్రంథాల్లోంచి తెచ్చుకున్న భక్తి కాదు. ఇంట్లో రోజూ వినే తెలుగు, దేవుడి ముందు కూర్చుని మాట్లాడుతోంది. మా అమ్మమ్మ తరం ఆడవాళ్లకు కచేరీ మర్యాద తెలియదు, తాళం లెక్క తెలియదు. హారతి వేళ దివ్యనామ కీర్తన ఒకటి ఎత్తుకుంటే మాత్రం ప్రతి మాటా వాళ్లదైపోయేది. ఆ గొంతుల్లో విన్నవాళ్లకు త్యాగయ్య ఏనాడూ పెద్దమనిషిగా అనిపించలేదు, ఇంటిమనిషిగానే ఉండిపోయాడు.

సినిమా వచ్చాక ఆ ఇంటిమనిషికి ఒక ముఖం కూడా దొరికింది. 1946లో చిత్తూరు నాగయ్య 'త్యాగయ్య' తీసి, నటించి, దర్శకత్వం వహించి, సంగీతమూ తానే కూర్చారు. అది చూసిన తరానికి త్యాగయ్య అంటే నాగయ్యే. 1981లో బాపు జె.వి. సోమయాజులుతో మరో 'త్యాగయ్య' తీశారు. ఆకాశవాణి ప్రతి ఏటా తిరువయ్యారు నుంచి పంచరత్న గోష్ఠిని ప్రత్యక్షంగా వినిపించడం మొదలయ్యాక రేడియో ఉన్న ప్రతి ఇల్లూ ఆ పందిట్లో భాగమైంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచీ త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. ఈస్టర్ సెలవుల వేళ రోజుల తరబడి సాగే ఆ ఉత్సవంలో మన పిల్లలు, తమిళుల పిల్లలు, కన్నడిగుల పిల్లలు ఒకే వరసలో కూర్చుని పంచరత్నాలు పాడతారు. అక్కడ చాలామంది పిల్లలు సాహిత్యాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకుంటారు. దాన్ని తప్పుపట్టేవాళ్లున్నారు, నేను పట్టను. వెంకటరమణ భాగవతర్ ఇంటి భాష కూడా తెలుగు కాదు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఇవాళ మనకు దక్కిన త్యాగయ్య కీర్తనలు సుమారు ఏడు వందలు. వాటిలో చాలావాటికి మూడేసి, అంతకు మించి చరణాలున్నాయి. కచేరీలో వినిపించేది ఒక్క చివరి చరణం, అందులో ఆయన ముద్ర ఉంటుంది కాబట్టి. మిగతావి పుస్తకంలోనే ఉండిపోతాయి. రాగాలాపనకు, నెరవుకు, తనియావర్తనానికి వేళ ఉంటుంది, ఆ రెండు చరణాలకు ఉండదు. ఆయన గొడవ మొదటి చరణంలో మొదలవుతుంది, రెండో చరణంలో ముదురుతుంది. మనం చివర్లో రాజీపడ్డ మాట మాత్రం వింటున్నాం. భాష రాని శ్రోతకు ఆ లోటు తెలియదు, పాపం, తెలిసే దారి లేదు. తెలిసి అడగవలసింది మనం.

ఆయన రెండు గేయనాటకాలు, ప్రహ్లాద భక్తి విజయము, నౌకా చరిత్రము, మొదటినుంచి చివరిదాకా విన్న తెలుగువాళ్లు ఎందరున్నారో చేయెత్తమంటే ఎక్కువ చేతులు లేవవు. నౌకా చరిత్రంలో గోపికలు కృష్ణుణ్ణి పడవ ఎక్కించుకుని, మావల్లే ఇంత ఆనందమని గర్వపడి, తుపానులో చిక్కుతారు. పడవకు చిల్లు పడుతుంది. ఏ బడి వార్షికోత్సవంలోనైనా పిల్లలు ఆడి పాడదగిన కథ అది. పాటలు ఉన్నాయి, స్వరాలున్నాయి.

కచేరీలకు వెళ్లేవాళ్లకు చీటీ పంపే అలవాటు తెలుసు. తమకు నచ్చిన కీర్తన కోరుతూ చిన్న కాగితం ముక్క రాసి వేదిక మీదికి చేరవేస్తారు. వచ్చే పుష్య బహుళ పంచమికి మా ఊరి సభలో నేనూ ఒకటి రాసి పంపుతాను. కీర్తన మీ ఇష్టం, చరణాలు మాత్రం అన్నీ పాడండి అని.