కంప్యూటరు విద్యుత్ పెట్టె ఏల వేడెక్కును?

గౌతమికి, వసిష్ఠకు నడుమ సముద్రము వరకు వ్యాపించిన కోనసీమలో గాలి ఎప్పుడును తేమగా నుండును. అమలాపురములోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో పాఠశాల కంప్యూటరు వేసవి మధ్యాహ్నమున తనంతట తానే ఆగి, అరగంట చల్లారిన పిమ్మట మరల పనిచేసినచో, అనుమానింపవలసిన భాగములలో ముఖ్యమైనది దాని వెనుక అమర్చిన లోహపు పెట్టె. మరమ్మతుదారులు దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. హద్దు మీరి వేడెక్కినపుడు తనను తాను ఆపుకొను ఏర్పాటు ఇట్టి పెట్టెలలో చాలవాటికి కలదు.

గోడలోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఈ పెట్టెలోని డయోడులు సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. ట్రాన్సిస్టరులు దానిని సెకనుకు వేలకొలది, తరచు లక్షకు చేరువగ, తునకలు చేయును. ఆ తునకలు చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండ పోయి 12, 5, 3.3 వోల్టులుగా వెలువడును. పెద్ద బానతో నిదానముగా తోడినను, చిన్న చెంబుతో వడివడిగా తోడినను గంటకు అంతే నీరు తోడవచ్చును గదా! ట్రాన్స్‌ఫార్మరు అంత చిన్నదైనను చాలుటకు కారణమిదియే.

ఈ మార్పిడిలో కొంత శక్తి వేడిగా పోక తప్పదు. నూటికి ఎనుబది పాళ్ల సామర్థ్యముగల పెట్టె 200 వాట్లు ఇయ్యవలెనన్న 250 వాట్లు తీసికొనును. మిగిలిన 50 వాట్ల వేడిని చిన్న ఫాను బయటికి నెట్టవలెను.

మామూలు బల్బునకు వోల్టేజి తగ్గిన వెలుగు తగ్గును. ఈ పెట్టె తీరు వేరు. కంప్యూటరు కోరినంత శక్తిని ఇచ్చుటకై, వోల్టేజి తగ్గినకొలది ఇది ఎక్కువ ఆంపియరులు లాగును. సరళముగ లెక్కించిన, 250 వాట్లకు 230 వోల్టుల వద్ద సుమారు 1.09 ఆంపియరులు, 180 వోల్టుల వద్ద 1.39 ఆంపియరులు. నిరోధములోని వేడి ప్రవాహపు వర్గమును బట్టి యుండును గనుక, అట్టి భాగములలో వేడి ఒకటికి 1.63 రెట్లగును. పదవ తరగతి విద్యార్థులచే ఈ లెక్క చేయింపవచ్చును.

కొబ్బరిపీచు తీయు యంత్రముల చేరువ గాలిలో సన్నని పొట్టు ఎగురుచుండును. అది ఫాను రెక్కలకు, గాలి కంతలకు పట్టును. సముద్రపుటొడ్డున దానికి ఉప్పు తేమ తోడైనచో ఆ దుమ్ము కొంత విద్యుద్వాహకమగును. వెచ్చదనమునకు వచ్చు బల్లుల సంగతి చెప్పనక్కరలేదు. లోనున్న విద్యుద్విశ్లేష్య కెపాసిటరులకు వేడి మహాశత్రువు: ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన వాటి ఆయువు సుమారు సగమగును. అవి ఎండినకొలది వోల్టేజి నిలకడ తప్పును, కంప్యూటరు కారణము తెలియకుండ మరల మరల మొదలగుచుండును.

పరీక్ష సులభము. పెట్టె వెనుక అరచేయి పెట్టి చూడవలెను. గాలి రాకున్న ఫాను ఆగినదన్నమాట (భారము పెరిగిన గాని ఫాను తిరుగని కొత్త రకములును గలవు). గాలి వచ్చినను మిక్కిలి వేడిగా నున్నచో, కంతలు మూసికొనిపోయినవో, భారము మించినదో చూడవలెను. గోడకు కనీసము జానెడు దూరముండవలెను. దుమ్ము పడకుండ కప్పిన గుడ్డను నడుపుచున్నపుడు తీయకున్నచో అదియే ఉరిత్రాడగును.

శుభ్రపరచుటకు ముందు ప్లగ్గు తీయవలెను. ఫాను గిరగిర తిరుగకుండ పుల్లతో ఆపి, బ్లోయరుతో బయటి నుండియే ఊదవలెను. నోటితో ఊదిన తేమ చేరును. పెట్టెను మాత్రము విద్యార్థులు గాని ఉపాధ్యాయులు గాని విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను లోని పెద్ద కెపాసిటరు కొంతసేపు 300 వోల్టులకు పైగా ఆవేశమును నిలుపుకొనవచ్చును. అది ప్రాణాపాయము.

కాలిన వాసన వచ్చినచో మెయిన్ స్విచ్చి ఆపవలెను, నీరు చల్లరాదు. అట్టి పెట్టెను బాగుచేయించుటకంటె, పాతదాని చీటీపై వ్రాసిన వాట్లకు తక్కువ గాని కొత్తదానిని పెట్టించుట మేలు.