పాట మోగలేదా? అక్కడే ఉంది ఉద్యోగం!

రామసముద్రంలో బస్సెక్కి మదనపల్లె కాలేజీకి బయల్దేరారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాట నొక్కితే ‘మీ ప్రాంతంలో అందుబాటులో లేదు’ అని వచ్చింది. పక్క సీట్లో ఫ్రెండ్‌ది పాత ఫోన్. అందులో ఆ యాప్ ఇన్‌స్టాలే కావట్లేదు. ‘మన నెట్ ఇంతేలే’ అని వదిలేస్తున్నారా? ఆగండి. తప్పు నెట్‌ది కాదు. ఇలాంటి సమస్యలు పట్టుకుని సరిచేయడం కొందరికి రోజూ చేసే ఉద్యోగం. కారణాలు తెలిస్తే ఇంటర్వ్యూలో మీకూ చెప్పడానికో మంచి విషయం దొరుకుతుంది.

దేశానికో ఒప్పందం

ఒక పాట మీద హక్కులు ఒక్కరివే కావు. రికార్డింగ్ హక్కు మ్యూజిక్ కంపెనీది. సాహిత్యం, బాణీల హక్కులు వేరు. వాటిని ఏ దేశంలో ఎవరు వినిపించాలన్నది ఒప్పందాలను బట్టి ఉంటుంది. అందుకే అమెరికాలో 2003లో తెరిచిన ఐట్యూన్స్ స్టోర్ మన దేశానికి వచ్చేసరికి 2012 డిసెంబరు అయింది. 2008లో యూరప్‌లో మొదలైన స్పాటిఫై ఇక్కడికి వచ్చింది 2019 ఫిబ్రవరిలో. అప్పుడు కూడా వార్నర్ సంస్థతో ఒప్పందం కుదరక వివాదం బాంబే హైకోర్టుకెక్కింది. అంటే, స్టోర్ వచ్చినంత మాత్రాన అన్ని పాటలూ వచ్చేసినట్టు కాదు.

ఫోన్‌తో పేచీ

ఐట్యూన్స్‌లో 2009 దాకా చాలా పాటలకు ‘ఫెయిర్‌ప్లే’ అనే డిజిటల్ తాళం ఉండేది. డబ్బు పెట్టి కొన్నా, వేరే కంపెనీ ప్లేయర్లో మోగేవి కావు. మన ఫ్లిప్‌కార్ట్ 2012లో ‘ఫ్లైట్’ పేరుతో తాళం లేని ఎంపీ3 పాటలు అమ్మింది. 2013లో దాన్ని మూసేసినా, డౌన్‌లోడ్ చేసుకున్న ఫైళ్లు దాచుకున్నవారికి పాటలు మిగిలాయి. ఇప్పటి యాప్‌లలో చందా కట్టి ఆఫ్‌లైన్‌లో దాచుకున్న పాటలు అలా కాదు, చందా ఆగితే అవీ ఆగుతాయి. ఇక యాప్‌కు కావాల్సిన కనీస ఆండ్రాయిడ్ వెర్షన్ మీ ఫోన్‌లో లేకపోతే ఇన్‌స్టాలే కాదు.

ఎవరికి ఏ పని?

టెస్టింగ్: రకరకాల ఫోన్లలో యాప్ నడుస్తోందో లేదో చూసి, లోపాన్ని స్పష్టంగా రాయాలి. కంప్యూటర్స్ విద్యార్థులకు అనువైన దారి.

మెటాడేటా: పాట, గాయకులు, సినిమా పేర్లను సరిగ్గా నమోదు చేయాలి. రికార్డింగ్‌ను గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ తప్పు పడకూడదు. తెలుగు పేరును ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తే పాట వెతికినా దొరకదు. భాష వచ్చినవాళ్లకే ఈ తప్పు కనిపిస్తుంది.

హక్కులు, రాయల్టీ: కామర్స్, లా చదివినవాళ్లు కాపీరైట్ చట్టం, ముఖ్యంగా 2012 సవరణ చదువుకోవాలి. రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటా అడిగే బలం ఇచ్చింది అదే.

మన సరిహద్దే మన బలం

పుంగనూరు, కుప్పం వైపు పిల్లలకు తెలుగుతో పాటు కన్నడమో తమిళమో చెవిన పడుతూనే ఉంటుంది. దాన్ని చిన్నచూపు చూడకండి. ద్రావిడ భాషల కోసమే 1997లో వచ్చిన విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. ఆదిత్య మ్యూజిక్ హైదరాబాద్‌లో, లహరి మ్యూజిక్ బెంగళూరులో ఉన్నాయి. మనకు బెంగళూరే దగ్గర.

ఈ వారమే మొదలుపెట్టండి

ఇరవై తెలుగు పాటలు ఎంచుకోండి. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. మూడు యాప్‌లలో, ఇంట్లోనూ స్నేహితుల దగ్గరా దొరికే మూడు రకాల ఫోన్లలో వెతకండి. ఏది మోగింది, ఏది మోగలేదు, పేరు ఎక్కడ తప్పుగా ఉంది, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ ఏమిటి... అన్నీ ఎక్సెల్ షీట్‌లో రాయండి. పాత ఫోన్ దొరక్కపోతే ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఎమ్యులేటర్ ఉచితమే. చివర్లో మీకు తోచిన కారణాలతో ఒక పేజీ నివేదిక చేర్చండి.

రెజ్యూమేలో ‘సంగీతం వినడం నా హాబీ’ అని చాలామంది రాస్తారు. ‘ఇరవై పాటలు పరీక్షించాను, ఈ లోపాలు కనిపెట్టాను’ అని మీరు రాస్తే, తర్వాతి ప్రశ్న దాని మీదే పడుతుంది. జవాబు మీ దగ్గరే ఉంటుంది.