డేటాబేస్‌లో జాప్యం – నివారణోపాయాలు

లెక్క వ్రాయడం ఎంత అవసరమో, వ్రాసిన లెక్కను సకాలంలో వెదకి తీయడం కూడా అంతే అవసరం. పూర్వం తెలంగాణ పల్లెలలో పట్వారీ దస్త్రపు కట్ట విప్పి పహాణీ వెదకేవాడు. నేడు ఆ దస్త్రాల స్థానాన్ని డేటాబేస్ ఆక్రమించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో ‘కార్డ్’ పథకం రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లను తెచ్చింది. తెలంగాణలో 2020లో ‘ధరణి’, 2025లో ‘భూభారతి’ భూమి హక్కుల వివరాలను కంప్యూటర్‌కెక్కించాయి. అయితే కంప్యూటర్ ఉన్నంత మాత్రాన వేగం దానంతటదే రాదు.

సమాచారాన్ని పట్టికల రూపంలో అమర్చే సిద్ధాంతాన్ని 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించాడు. ఆ పునాదిపై డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ప్రకటించిన భాషే నేటి ఎస్.క్యూ.ఎల్. ఈ భాషలో ‘ఏమి కావాలో’ మాత్రమే చెబుతారు. దానిని ‘ఎలా వెదకాలో’ డేటాబేస్ నిర్ణయించుకొంటుంది. ఆ నిర్ణయం తప్పుదారి పట్టినప్పుడు జాప్యం కలుగుతుంది.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని తంగళ్ళపల్లి మండలం స్థానికులు ‘సాంచెలు’ అని పిలిచే మరమగ్గాలకు నెలవు. అక్కడి ఒక సాంచెల ఖార్ఖానాలో కార్మికుని సంఖ్య, తేదీ, నేసిన మీటర్లు, కూలి అనే వివరాలతో పదిలక్షల వరుసల పట్టిక ఉన్నదనుకొందాం. ఒక కార్మికుడు తన గత నెల కూలి ఎంతని అడిగాడు. పట్టికకు సూచిక, అనగా ఇండెక్స్ లేకపోతే, కంప్యూటర్ పదిలక్షల వరుసలనూ చదువవలసి వస్తుంది. రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1972లో ప్రకటించిన ‘బి-ట్రీ’ ఈ శ్రమను తప్పిస్తుంది. ప్రతి మెట్టు వద్ద నూరు దారులుంటే, మూడు మెట్లలోనే పదిలక్షల వరుసలలో కోరినదానిని చేరవచ్చు.

సూచికలో క్రమం కూడా ముఖ్యమే. మొదట కార్మికుని సంఖ్య, తరువాత తేదీ ఉంచితే పై ప్రశ్నకు సమాధానం వెంటనే లభిస్తుంది. కేవలం తేదీని బట్టి వెదకేవారికి ఆ సూచిక అంతగా ఉపకరించదు. అట్లే ‘తేదీ నుండి సంవత్సరాన్ని విడదీసి, అది 2024 అయినవి తెమ్ము’ అని అడిగితే సాధారణంగా తేదీ సూచిక నిరుపయోగమవుతుంది. ‘2024 జనవరి 1 మొదలు 2025 జనవరి 1కి ముందు వరకు’ అని అడగడమే యుక్తం. వేయిమంది కార్మికుల లెక్కను వేయిసార్లు విడివిడిగా అడగడం కన్న, పట్టికలను జోడించి ఒక్కసారే అడగడం మేలు. అవసరమైన నిలువు వరుసలనే కోరడం ఇంకా మేలు.

సూచికలు మేలు చేస్తాయని ఎన్నో చేర్చడం తగదు. కొత్త వరుస చేర్చిన ప్రతిసారీ వాటన్నింటినీ సవరించవలసి ఉంటుంది గనుక నమోదు మందగిస్తుంది.

కూలి రేటు పెరిగి పాత లెక్కలు సవరించవలసి వచ్చినపుడు మరొక చిక్కు ఎదురవుతుంది. ఒక్కొక్క వరుసను మార్చి వెంటనే ఖాయపరిస్తే, ప్రతిసారీ డిస్కుపై చిట్టా వ్రాయవలసి కాలం వృథా అవుతుంది. అన్నింటినీ ఒకేసారి మారిస్తే, ఆ వరుసలకు తాళం పడి వాటిని సవరించదలచిన ఇతరులు నిరీక్షించవలసి వస్తుంది. కొన్ని వేల వరుసల చొప్పున విడతలుగా సవరించడం మధ్యేమార్గం. షరతు వ్రాయడం మరచితే పట్టిక అంతా మారిపోతుంది. ఒకరి కూలి అందరి కూలి అవుతుంది. కనుక ఆ షరతుతోనే ముందు వరుసలను చూచి, ఆ పిదపే మార్చాలి.

ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లవలె, రెండు సవరణలు ఒకదాని తాళం కోసం మరొకటి ఆగిపోవడం కూడా కద్దు. అప్పుడు డేటాబేస్ ఒకదానిని రద్దు చేస్తుంది. అందరూ వరుసలను ఒకే క్రమంలో సవరిస్తే ఈ ప్రతిష్టంభన చాలావరకు తొలగుతుంది.

రోగ నిర్ణయం లేకుండా మందు ఇవ్వరాదు. ‘ఎక్స్‌ప్లెయిన్’ అనే ఆదేశం ద్వారా డేటాబేస్ ఎంచుకొన్న దారిని ముందుగా పరిశీలించాలి. ఏ పట్టికను ఆద్యంతం చదువుతున్నదో గుర్తించి, ఒక్కొక్క మార్పు చేసి ఫలితాన్ని కొలవాలి. పూట కూలి వదులుకొని కిటికీ ముందు నిలుచున్న కార్మికునికి, పాసుపుస్తకం కోసం వచ్చిన రైతుకు ఈ జాగ్రత్త వలన కలిగే మేలు ప్రత్యక్షం. వారి కాలాన్ని గౌరవించడమే ఈ విద్యకు పరమార్థం.