సంచార విక్రయశాలకు కరెంటు, గాలి
(పాత బస్సును బాగుచేయించ దలచిన సంఘములకు కొన్ని సూచనలు)

నేసిన బట్ట ఇంటిలో ఉన్నంతకాలము అది సరుకే గాని సొమ్ము కాదు. మగ్గము ముందు కూర్చున్న ప్రతివానికిని ఈ సంగతి తెలిసినదే. పండుగలకు ముందు కొనువాడు మన గడపకు వచ్చును. తక్కిన దినములలో మనమే కొనువాని గడపకు పోవలెను. అందుచేత పాత బస్సు నొకదానిని కొని, లోపల అరలు కట్టించి, అమ్మకము చేయు ఇద్దరు ముగ్గురు అందులోనే పండుకొనునట్లు ఏర్పాటు చేసి, ఊరూరా త్రిప్పవలెనను ఆలోచన మన సభ్యులలో తరచుగా వినవచ్చుచున్నది.

మన ప్రాంతమునకు ఈ ఆలోచన తగినదే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రమునకు పోయినది. సరిహద్దు గీత పడినది గాని, చుట్టరికములు గాని, సంతలు గాని ఆ గీతతో ఆగలేదు. బ్రూస్‌పేట నుండి బయలుదేరిన బండి రాయదుర్గము, ఉరవకొండ, గుంతకల్లు, ఆదోని, ఎమ్మిగనూరు వరకు తిరిగిన గాని మన అమ్మకము పూర్తికాదు. బండిలోనే విడిది చేయుట తెలుగువారికి వింతయు గాదు. 1982లో నందమూరి తారక రామారావుగారు పాత షెవ్రొలే వ్యానును చైతన్యరథముగా మార్పించి, కుమారుడు హరికృష్ణ నడుపగా, ఆంధ్రప్రదేశమంతయు తిరిగిరి. బండియే వేదిక, బండియే విడిది అయినది.

కాని బస్సు మోయుటకు తయారైన యంత్రము. అంగడి నడుపుటకు, కాపురముండుటకు తయారైనది కాదు. దానిలో దీపములు, పంకాలు, గాలిగొట్టములు చేర్చునపుడు జరుగు పొరపాట్ల వలన రెండు విధములైన కీడు గలుగును. ఒకటి నిప్పు, మన సరుకు నూలు, పట్టు గనుక ఇది మనకు మరింత భయము. రెండవది బ్రేకు తప్పుట. కావున మొదటనే ఒక సూత్రము మనసున పెట్టుకొనవలెను: బండిని కదల్చు కరెంటు వేరు, అంగడికి వాడు కరెంటు వేరు. బండిని ఆపు గాలి వేరు, అంగడికి వాడు గాలి వేరు. ఈ రెండింటిని కలిపిన చోటనే నష్టము మొదలగును.

ముందు లెక్క, తరువాత కొనుగోలు

అంగడివాడు చూపిన బ్యాటరీ కొనక, ముందు మన ఖర్చు లెక్క వ్రాసికొనవలెను. 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు 6, రోజుకు 5 గంటలు వెలిగిన 300 వాట్ గంటలు. 30 వాట్ల పంకాలు 2, 8 గంటలు తిరిగిన 480. బిల్లు యంత్రమునకు, సెల్‌ఫోనులకు కలిపి 160. మొత్తము 940. తరుగుదల కలిపి 1100 వాట్ గంటలు, అనగా ఒక యూనిట్టుకు కొంచెము పైన అనుకొందము. 24 వోల్టుల బండిలో దీనిని 24తో భాగించిన సుమారు 46 ఆంపియర్ గంటలు వచ్చును. సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేసినచో దాని ఆయువు త్వరగా తీరును. కాబట్టి 100 ఆంపియర్ గంటలది కావలెను. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకమును 80 పాళ్ళ వరకు వాడవచ్చును గనుక 60 చాలును.

ఇందులో ఇస్త్రీపెట్టె చేర్చలేదని చదువరులు గమనింతురు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అరగంట వాడిన 500 వాట్ గంటలు, అనగా రోజంతటి ఖర్చులో దాదాపు సగము పోవును. పైగా అది బ్యాటరీ నుండి 40 ఆంపియర్లకు పైగా లాగును. దానిని బయటి లైను దొరికినపుడే వాడవలెను. లేదా బొగ్గుల ఇస్త్రీపెట్టెను బండికి దూరముగా, చెట్టుక్రింద పెట్టుకొనవలెను.

ఎండలు మెండుగా గల మన ప్రాంతమునకు సూర్యరశ్మి పలకలు మంచి సహాయము. 400 వాట్ల పలకలు పైకప్పున బిగించిన, మబ్బులేని దినమున ఒకటింబావు యూనిట్టు వరకు రాగలదు. ఎర్రదుమ్ము పట్టిన పలక తక్కువ పని చేయును గనుక ఉదయముననే తడిగుడ్డతో తుడువవలెను.

బ్యాటరీలు, తీగలు

ఇంజను స్టార్టు చేయు బ్యాటరీల నుండియే దీపములు వెలిగించిన ఏమగును? సంతలో రెండు రాత్రులు గడచును. మూడవనాడు ఉదయము తాళము త్రిప్పిన ఇంజను మూలుగును గాని కదలదు. కాబట్టి అంగడికి వేరు బ్యాటరీ ఉండవలెను. ఇంజను తిరుగునపుడు మాత్రమే దానికి చార్జి పోవునట్లు రిలే గాని, డి.సి. చార్జరు గాని పెట్టించవలెను. లిథియం బ్యాటరీని ఆల్టర్నేటరుకు నేరుగా కలుపరాదు; అది ఎంత ఇచ్చిన అంత లాగికొనుట వలన ఆల్టర్నేటరు వేడెక్కి కాలిపోవచ్చును.

పెద్ద బస్సులలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిసి 24 వోల్టులగును. రేడియో కొరకు వానిలో ఒక్కదాని నుండియే 12 వోల్టులు తీయుట మిస్త్రీలు కొందరికి అలవాటు. ఇది సుళువైన పని, చెడ్డ పని. ఒకటి ఎప్పుడును అరకొర చార్జితో ఉండును. రెండవది మితిమీరిన చార్జితో ఉడికిపోవును. కొన్ని నెలలలో రెండును పోవును. 24ను 12గా మార్చు పరికరము విడిగా దొరకును. దానినే అడిగి పెట్టించుడు.

తీగ లావు విషయమున పొదుపు పనికిరాదు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగతో 10 మీటర్ల దూరమునకు 120 వాట్లు పంపుదమనుకొందము. 12 వోల్టులైన 10 ఆంపియర్లు పోవును. రానుపోను 20 మీటర్ల తీగలో దాదాపు 0.9 వోల్టు తరిగిపోవును. అదే 24 వోల్టులైన 5 ఆంపియర్లే. తరుగు అందులో సగము. తరిగినది ఎక్కడికిని పోదు, తీగలో వేడియగును. సన్నని తీగ వేడెక్కునది బట్టల అర వెనుక అయిన మాట వేరుగా చెప్పవలెనా?

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరములోనే ఉండవలెను. ఆవలి కొసను ఫ్యూజు పెట్టిన నడుమ తీగకు రక్షణ లేదు. బండి రేకులో తీగ దూరుచోట రబ్బరు గుండీ వేయించవలెను. లేనిచో కుదుపులకు రేకు అంచు తీగను కోయును. సీసపు బ్యాటరీ చార్జి అగునపుడు హైడ్రోజను వాయువు వెలువడును, అది మండునట్టిది. దాని పెట్టెకు బయటికి గాలిదారి ఉండవలెను. బట్టల అరలో దాచరాదు. వేడి వలన బ్యాటరీ ఆయువు తగ్గును. సుమారు 10 డిగ్రీలు పెరిగిన ఆయువు సగమగునని లెక్క. కావున ఇంజను ప్రక్కను, పడమటి ఎండ తగులు గోడను తప్పించుడు.

బయటి లైను కలుపునపుడు

ప్రదర్శన మైదానములలో 230 వోల్టుల లైను ఇత్తురు. బండి యంతయు రేకు. లోపల ఒక తీగ తోలు ఊడిన బండి మొత్తము కరెంటగును. మెట్టుపై కాలుపెట్టి తలుపు పట్టుకొనునది మన కొనుగోలుదారే. కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు తీగ, 30 మిల్లీ ఆంపియర్లకు తెగిపడు రక్షణ స్విచ్చి, ఈ మూడును తప్పనిసరి. ఇన్వర్టరును, బయటి లైనును ఒకేసారి కలియకుండ మార్పు స్విచ్చి పెట్టించవలెను.

గాలి

పెద్ద బస్సును ఆపునది ఒత్తిడి గాలి. 1869లో అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌసు రైళ్ళకు గాలి బ్రేకు పేటెంటు పొందెను. నేడు లారీలు, బస్సులు గాలి బ్రేకులతో తిరుగుచున్నవి. ఇంజనుతో తిరుగు కంప్రెసరు గాలిని పీల్చి, సుమారు 8 బార్ల ఒత్తిడికి ట్యాంకులలో నింపును. పెడలు త్రొక్కిన ఆ గాలియే చక్రముల వద్ద బ్రేకును బిగించును.

ఆ ట్యాంకుకు ఒక గొట్టము తగిలించి దుమ్ము ఊదుటకు, టైర్లకు గాలి కొట్టుటకు, తలుపు తెరచుటకు వాడుద మనిపించును. లెక్క చూడుడు. 20 లీటర్ల ట్యాంకు 8 బార్ల నుండి 6 బార్లకు దిగువరకు ఇచ్చు గాలి 40 లీటర్లు. ఊదుడు తుపాకి నిమిషమునకు 200 లీటర్లు త్రాగినచో, 12 సెకండ్లలో అది తీరిపోవును. ఆ తరువాత వాడునది బ్రేకు గాలియే. అది పడుగు దారము కోసి పేకకు అతుకు వేసినట్లు. పార్కింగు బ్రేకు స్ప్రింగుతో పనిచేయు బండ్లలో గాలి తగ్గగానే స్ప్రింగు బిగిసి బండి కదలదు. అట్టి ఏర్పాటు లేని బండి వాలులో నిలువదు. ఏది మేలో చెప్పనక్కరలేదు.

గాలి తప్పదనిన, అంగడికి వేరు ట్యాంకు పెట్టించి, బ్రేకు ట్యాంకులకును దానికిని నడుమ రక్షణ వాల్వు వేయించవలెను. బ్రేకు గాలి 6 బార్ల ప్రాంతమునకు దిగగానే ఆ వాల్వు మూసికొని, మిగిలినది బ్రేకునకే ఉంచును. ఈ పని గాలి బ్రేకులు తెలిసిన మిస్త్రీయే చేయవలెను.

మన వృత్తివారు మరువరాని మాట ఇంకొకటి. కంప్రెసరు గాలితో నీరు, నూనె తుంపరలు వచ్చును. ఆ గాలిని పట్టుచీరపై ఊదిన, దుమ్ము పోయి మరక మిగులును. నూలు నుసిని ఊదిన అది లేచి, స్విచ్చి నిప్పురవ్వకు అంటుకొనవచ్చును. మనుష్యుల ఒంటిపై ఊదుట ఆటకైనను కూడదు.

ట్యాంకుల అడుగున ఉన్న నీటి కుళాయిని ప్రతి సాయంత్రము తెరువుడు. నీరు నిలిచిన వాల్వులు త్రుప్పుపట్టును. నూనె ఎక్కువగా వచ్చిన కంప్రెసరు రింగులు అరిగినవని తెలియుడు. కారుట పరీక్షించుట సులభము: చక్రములకు దిమ్మెలు వేసి, ట్యాంకులు నింపి, ఇంజను ఆపి, బ్రేకు వదలి, గాలి ముల్లును నిమిషము చూడవలెను. అమెరికాలో లారీ డ్రైవర్ల పరీక్షలో ఒంటి బండికి నిమిషమునకు 2 పౌనులు, పెడలు త్రొక్కిపట్టిన 3 పౌనులు మించి దిగరాదందురు. మనకును అది మంచి కొలతయే.

ఏది ముందు, ఏది వెనుక

సంఘపు నిధి సభ్యుల చెమట. దానిని ఈ వరుసలో వెచ్చింపవలెనని మనవి: మొదట బ్రేకులు, గాలి గొట్టములు, రెండవది ఫ్యూజులు, తీగలు, మూడవది వేరు బ్యాటరీ, నాలుగవది ఎర్తు, రక్షణ స్విచ్చి, ఆపైన దీపములు, పంకాలు, తరువాత సూర్యరశ్మి పలకలు. గాలి ట్యాంకు కడపట. పడుగుకు గంజిపట్టు కుంచె ఎరిగిన మనకు, అరలపై దుమ్ము దులుపుటకు మెత్తని కుంచె చాలదా?

పని మొదలుపెట్టుటకు ముందే రవాణా కార్యాలయములో విచారించవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము బండి స్వరూపమును ఇష్టము వచ్చినట్లు మార్చరాదు. పండుకొను ఏర్పాటు గల బండ్లకు మోటారు కారవాను అను పేర ఏ.ఐ.ఎస్. 124 ప్రమాణము కలదు. రెండు రాష్ట్రములలో తిరుగు బండికి పర్మిటు, పన్ను, ఇన్సూరెన్సు సక్రమముగా లేకున్న, సరిహద్దు వద్ద సరుకుతోబాటు సంత రోజు కూడ పోవును.

బండి లోపల పండుకొనువారు మన పిల్లలు. అరలలో ఉన్నది అనేక కుటుంబముల నెలల శ్రమ. దీపము ఒకటి తక్కువైనను బేరము సాగును. బ్రేకు గాలి తక్కువైన సాగదు. కమిటీవారు దీనిని ముందు తలచి, పిదప మిస్త్రీని పిలువవలెనని ప్రార్థన.