మీకు తెలుసా? మతేరాలో మన ‘ఆపే’ ఆటో!

దక్షిణ ఇటలీలోని మతేరాలో ఒకరి ఇంటి పైకప్పే మరొకరికి వీధి. కొండవాలు సున్నపురాయిని తొలిచి కట్టుకున్న ఈ గుహ ఇళ్ల పేటలను ‘సాస్సీ’ అంటారు. 1952లో చట్టం చేసి మరీ సుమారు 15 వేల మందిని ఇక్కడి నుంచి ఖాళీ చేయించారు. అదే చోటు 1993లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

మరి మోకాళ్లు మొరాయించేవాళ్లు, చక్రాల కుర్చీ వాడేవాళ్లు వెళ్లగలరా? పేటల లోపల చాలాచోట్ల మెట్లే. అవీ ఒకే ఎత్తున ఉండవు. తరాల నడకకు నునుపెక్కిన రాళ్ల మీద వాన పడితే చేతికర్ర కూడా నిలవదు. కానీ ఊరి పైభాగం పేరే ‘పియానో’, అంటే చదునైన చోటు. విత్తోరియో వెనేతో కూడలి నుంచి రిదోలా వీధి మీదుగా పాస్కోలి కూడలి దాకా దాదాపు సమతలమే. చివర పిట్టగోడ దగ్గర ఆగితే చాలు, ఒక పేట మొత్తం కిందకి మెట్లుమెట్లుగా జారుతూ కనిపిస్తుంది. నన్నడిగితే బస కూడా పైనే మేలు. గుహ గది అని ముచ్చటపడేముందు మెట్లెన్నో అడగండి.

కింది వీధులు చూపించడానికి మూడు చక్రాల ‘ఆపే’ బండ్లున్నాయి. అవును, మన ఊళ్లలో తిరిగే ఆపే ఆటో చుట్టాలే! పియాజియో కంపెనీ 1948లో తెచ్చిన ఈ బండి పేరుకు ఇటాలియన్‌లో అర్థం తేనెటీగ. మడిచిన చక్రాల కుర్చీ పెట్టుకునే చోటుందో లేదో ముందే కనుక్కోవాలి. మనలా పదిమందిని కుక్కుతారనుకోకండి.